గుండెకు ముప్పు అని విన్ననాడు

మార్కాపురములో మా మేనమామగారు ఉన్నారు. పలకల వ్యాపారము చేసెడి ఒకరి వద్ద చిరకాలము గుమాస్తాగా పనిచేసి, ఇప్పుడు ఇంటిపట్టున ఉన్నారు. అరువది దాటినవి. క్రిందటి వేసవిలో ఆ వీధిలో వైద్యశిబిరము పెట్టినప్పుడు నలుగురితో పాటు తానును వెళ్ళి చేయి చాపినారు. రక్తపుపోటు చూచినారు. వ్రేలి కొన పొడిచి చక్కెర చూచినారు. బీడీ త్రాగుదురా అని అడిగినారు. అక్కడి యువ వైద్యుడు రంగురంగుల గడులున్న ఒక పట్టికలో వ్రేలు పెట్టి లెక్క చూచి, "మీకు గుండెజబ్బు లేదు గాని, వచ్చే ముప్పు ఎక్కువగా ఉంది" అని చెప్పి చీటి వ్రాసి ఇచ్చినాడు. వెనుక జనము బారులు తీరి ఉన్నారు. అంతకు మించి మాటాడుటకు అతనికి తీరిక లేకపోయినది.

మామయ్య ఇంటికి వచ్చి మంచమెక్కినారు. ఇరువది దినములు మేడమెట్లు ఎక్కలేదు, నీళ్ళ బిందె ఎత్తలేదు, గిద్దలూరులో దగ్గరి చుట్టముల పెండ్లికి వెళ్ళలేదు. నేను చూడబోయినప్పుడు పలకరింపులు కాగానే ఆయన అడిగిన మాట ఇది: "జబ్బుందా అంటే లేదంటారు. లేదా అంటే ఉన్నట్టే మాట్లాడతారు. ఇంతకూ నేను రోగినా, కానా, అల్లుడా?"

నేను వైద్యుడను కాను, చరిత్ర చదువుకొన్నవాడను. ఆ క్షణమున నాకు సమాధానము తోచలేదు గాని, తిరుగు ప్రయాణములో ఒక సంగతి తట్టినది. ఈ ప్రశ్నకే ఒక చరిత్ర ఉన్నది. మా తాతగారి కాలములో ఎవ్వరును ఇట్లు అడిగి ఉండరు. అడుగవలసిన అవసరమే వారికి రాలేదు.

రానున్న ఆపదను గూర్చిన కబురు మన పెద్దలకు కొత్త కాదు. జాతకము చూచిన సిద్ధాంతిగారు ఫలానా యేట గండమున్నదని చెప్పెడివారు. ఆ గండమునకు ఒక కాలము ఉండెడిది, ఒక శాంతి ఉండెడిది. జపము చేయించి, దానమిచ్చి, ఆ యేడు దాటినచో గండము గడచినదని ఊపిరి పీల్చుకొనెడివారు. అందలి సత్యాసత్యములను ఇక్కడ తర్కింపబోను. దాని అమరికను మాత్రము గమనింపవలెను. ఆ భయమునకు ఒక గట్టు ఉన్నది. నేటి వైద్యుడు చెప్పెడి ముప్పునకు ఆ గట్టు లేదు. ఫలానా యేట వచ్చునని అతడు చెప్పడు, గడచిపోయినదనియు చెప్పడు. మీవంటి వయస్సు, మీవంటి రక్తపుపోటు, మీవంటి అలవాట్లు గల నూరుగురిని నిలువబెట్టినచో రానున్న పదేండ్లలో ఇందరికి గుండెపోటో పక్షవాతమో రావచ్చునని చెప్పును. ఆ సంఖ్య ఇరువది అనుకొందము. ఎనుబదిమందికి రాదన్న మాట. అయితే తాను ఇరువదిలోనివాడో ఎనుబదిలోనివాడో చెప్పగలవాడు లేడు. మామయ్య ఈ కొత్త కబురును పాత చెవితో విన్నారు. గండము అని విన్నారు, శాంతి ఏదని వెదకినారు, కనబడక మంచమెక్కినారు.

దానికి తోడు మన భాష కూడ ఇక్కడ మనకు సాయపడదు. తెలుగువాని ధైర్యము కాపురముండునది గుండెలోనే. గుండె దిటవు చేసికొమ్మందుము, గుండె జారినదందుము, గుండె రాయి చేసికొన్నాడందుము. కాలికి ముప్పు అన్నచో గుండె నిబ్బరముతో వినవచ్చును. ఆ నిబ్బరముండెడి చోటికే ముప్పు అన్నచో దేనితో వినవలెను?

గుండెను గూర్చిన మాట మనిషిని ఎట్లు కూలదోయగలదో వైద్యులకు మొదట పెద్దయెత్తున తెలియవచ్చినది యుద్ధములలో. అమెరికా అంతర్యుద్ధములో అనేక సైనికులు గుండెదడ, ఆయాసము, రొమ్ములో పోటు అని వైద్యశాలలకు చేరినారు. డా కోస్టా అను వైద్యుడు వారిని పరీక్షించి 1871లో తన పరిశీలనలను ప్రకటించినాడు. మొదటి ప్రపంచయుద్ధమునాటికి ఇది ఇంకను పెరిగినది. బ్రిటిషు సైన్యములో వేలాది యువకులపై హృద్రోగులన్న ముద్ర పడినది. గుండె చప్పుడులో చిన్న గుసగుస వినబడినను చాలును, మంచముపై పరుండబెట్టెడివారు. పరుండిన కొలది వారు క్షీణించినారు. జేమ్స్ మెకెంజీ, థామస్ లూయిస్ అను ఇద్దరు వైద్యులు 1916లో లండను నగరపు హాంప్‌స్టెడ్ వైద్యశాలలో ఈ సైనికులను దగ్గరగా చూచి, పలువురి గుండెలలో ఏ లోపమును లేదని నిర్ణయించినారు. వారిని మంచము దింపి, దినదినమునకు కొంచెము కొంచెముగా పెంచుచు వ్యాయామము చేయించినారు. వారిలో అనేకులు తిరిగి ఏదో ఒక సైనికవిధికి పోగలిగినారు.

ఈ మెకెంజీ కథలో నాకు ఇష్టమైన భాగము వేరొకటి ఉన్నది. ఆయనకే గుండెనొప్పి ఉండెడిది. ఆ సంగతి ఎరిగియే 1919లో లండను వదలి స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్‌లో, రోగములు ముదురక మునుపే వాని తొలి జాడలను పట్టుకొనుటకై ఒక పరిశోధనాలయము స్థాపించినాడు. 1925లో ఆ జబ్బుతోనే మరణించినాడు. నొప్పిని దాచుకొనలేదు, దానికి లొంగి మంచము పట్టలేదు.

దాచుటలోని అనర్థమునకు రూజ్వెల్టు ఉదాహరణ. 1944 మార్చిలో హోవర్డ్ బ్రూయన్ అను యువ వైద్యుడు అమెరికా అధ్యక్షుని పరీక్షించి, తీవ్రమైన రక్తపుపోటు, దానివలన అలసిన గుండె ఉన్నవని కనుగొన్నాడు. ఆ మాట ప్రజలకు చెప్పలేదు సరికదా, రోగికే విప్పి చెప్పలేదు. రూజ్వెల్టు కూడ అడుగలేదు. అడుగకుండుట కూడ భయమునకు ఒక రూపమేనేమో! 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తనాళము చిట్లి ఆయన మరణించినాడు. న్యాయముగా చెప్పవలెనన్నచో, ఆనాడు చెప్పినను చేయదగినది స్వల్పమే. రక్తపుపోటును సులువుగా దించెడి మాత్ర ఏదియు లేదు. మన సర్పగంధ వేరు ఈ పని చేయునని బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీలు 1949లో బ్రిటిషు పత్రికలో వ్రాసినప్పుడు గాని పాశ్చాత్యులు దానివైపు చూడలేదు. ఆ వేరు సత్తు పోటును తగ్గించినది నిజమే, గాని కొందరిని తీవ్ర విషాదములో ముంచునని కూడ కొద్దియేండ్లలోనే తేలినది. మూత్రము జారీ చేసి పోటు దించెడి క్లోరోథయజైడు మాత్ర వచ్చినది 1958లో.

ఇక మామయ్య ప్రశ్న పుట్టిన చోటికి వత్తము. 1948లో బోస్టను నగరమునకు చేరువనున్న ఫ్రామింగ్‌హాము అను పట్టణములో 30 మొదలు 62 ఏండ్ల వయస్సు గల 5,209 మంది స్త్రీపురుషులను ఎన్నుకొని, రెండేండ్లకొకసారి పరీక్షించుట మొదలుపెట్టినారు. అంతవరకు వైద్యశాస్త్రము రోగులను చూచి రోగమును నేర్చినది. ఇక్కడ ఆరోగ్యవంతులను ముందుగా చూచి, వారిలో ఎవరు రోగులగుదురో వేచి చూచినారు. 1961లో విలియం కానెల్, ఆయన సహచరులు ఆరేండ్ల ఫలితములు ప్రకటించుచు, అధిక రక్తపుపోటు, కొలెస్టరాలు మొదలైనవానిని ముప్పు కారణములని పేర్కొన్నారు. నేడు ప్రతి వైద్యుని నోటను వినెడి 'రిస్కు' అను మాట గుండెజబ్బునకు అంటుకొన్నది అప్పుడే. రోగికిని ఆరోగ్యవంతునికిని నడుమ మూడవ జాతి మనిషి ఒకడు ఆనాడు పుట్టినాడు. మామయ్య ఆ జాతివారు. ఆయన ప్రశ్న వయస్సు ఇంచుమించు ఆయన వయస్సే.

ఫ్రామింగ్‌హాము పరిశోధన మొదలైన ఆ 1948లోనే ఆగస్టు నెలలో మన భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు న్యూయార్కులో 53 ఏండ్లకు గుండెపోటుతో నిద్రలోనే కన్నుమూసినారు. కండరము ముడుచుకొనుటకు కావలసిన శక్తినిచ్చెడి భాస్వర పదార్థములను ఫిస్కే అను ఆచార్యునితో కలసి వెలికితీసిన మహనీయుడాయన. గుండె కొట్టుకొనునది ఆ శక్తితోనే.

ఏడేండ్ల తరువాత అమెరికా పాఠము మార్చినది. 1955 సెప్టెంబరు 24న అధ్యక్షుడు ఐసెన్‌హోవరునకు గుండెపోటు వచ్చినది. మొదట అజీర్ణమని చెప్పినను, పిమ్మట దాచలేదు. పాల్ డడ్లీ వైట్ అను వైద్యుడు పత్రికలవారి ఎదుట నిలిచి జబ్బు ఏమిటో, ఏమి చేయుచున్నారో సామాన్యులకు అర్థమగు మాటలలో వివరించినాడు. గుండెపోటు వచ్చినవాడు ఇక మూలబడవలసినదే అను నమ్మకము లోకమంతట బలముగా ఉన్న రోజులవి. రోగిని క్రమముగా నడిపింపవలెనని వైట్ వాదించినాడు. ఐసెన్‌హోవరు మరుసటి యేడు మరల ఎన్నికలలో నిలిచి గెలిచి, 1969 వరకు జీవించినాడు.

అయితే జబ్బు వచ్చి కోలుకొన్నవాని ధైర్యము వేరు, రాని జబ్బుకు భయపడువాని అవస్థ వేరు. ఈ రెండవదానిని గూర్చి నాకు తెలిసినంతలో అన్నిటికన్న ఆలోచింపదగిన పరిశీలన కెనడాలోని హామిల్టను నగరపు ఉక్కు కార్మికులపై జరిగినది. హేన్స్, సాకెట్ ప్రభృతులు దానిని 1978లో ప్రకటించినారు. కార్మికులకు రక్తపుపోటు చూచి, ఎక్కువగా ఉన్నవారికి ఆ మాట చెప్పినారు. చెప్పిన తరువాతి సంవత్సరములో వారు జబ్బు పేరిట పనికి రాని దినములు నూటికి ఎనుబది వంతున పెరిగినవి. అదే కాలములో తక్కిన కార్మికులలో పెరిగినది నూటికి తొమ్మిది మాత్రమే. ఆ పోటు వారికి నిన్నటి దినమున లేదా? ఉన్నది, దానితోనే కొలిమి ముందు నిలిచి పనిచేసినారు. కొత్తగా చేరినది మాట ఒక్కటే. ఇంకొక సంగతి కూడ వారు గమనించినారు. మందులు క్రమముగా వాడినవారిలో ఈ మూలబడుట అంతగా కనిపించలేదు. కబురు విని, మందు వాడక, ఊరక తలచుకొనుచు ఉన్నవారే ఎక్కువ చెడినారు.

ఇది చదివినప్పుడు నాకు మామయ్య మంచము కన్నుల ఎదుట నిలిచినది. చీటి ఆయన చొక్కా జేబులోనే ఉన్నది, మందులు కొనలేదు. కొన్నచో జబ్బు ఉన్నట్లు ఒప్పుకొన్నట్లగునని ఆయన భయము.

గుండెజబ్బు పట్టణములలోని ధనవంతుల జబ్బు, మెట్టపొలముల మనకేమి అను మాట ఆ వైపు ఇంకను వినబడుచున్నది. అది నిజము కాదు. 2003–04లో ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో ఒక యేటి మరణములన్నిటికి కారణములు విచారింపగా, నూటికి 32 గుండె, రక్తనాళముల జబ్బులవే అని తేలినది. గోదావరి సీమకు నీరున్నది, పడమటి ప్రకాశమునకు లేదు. గుండెకు ఆ భేదము పట్టదు. అయితే వైద్యము అందుటలో భేదమున్నది. 1970లో కొత్త జిల్లా ఏర్పడువరకు మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములు కర్నూలు జిల్లాలోనివి. పెద్ద జబ్బు వచ్చినచో నల్లమల దాటి కర్నూలుకో, లేక రైలెక్కి గుంటూరుకో పోవలెను. మార్కాపురము నుండి ఒంగోలు కూడ నూరు కిలోమీటర్ల చేరువలో ఉన్నది. 2005లో 108 వాహనములు వచ్చిన పిమ్మట దారి కొంత దగ్గరైనది. అటువంటి చోట ముందుగా వచ్చిన హెచ్చరిక ఎంత విలువైనదో వేరుగా చెప్పనక్కరలేదు.

రెండవసారి వెళ్ళినప్పుడు మామయ్యను కంభము తీసికొనిపోయినాను. గుండ్లకమ్మను రెండు కొండల నడుమ అడ్డగించి విజయనగర రాజుల కాలమున కట్టిన చెరువు అది. కట్టమీద కూర్చుండి మాటాడుకొన్నాము. ఆ కట్ట వెనుక నీటి ఒత్తిడి ఎప్పుడును ఉన్నదే. క్రింద ఊళ్ళవారు అది తెలిసియే శతాబ్దములుగా వరి నాటుచున్నారు. వానకాలమునకు ముందు కట్ట చూచికొందురు, తూము చూచికొందురు. నేనీ మాటను కొంచెము ఉపన్యాసముగా చెప్పినాననుకొందును. ఆయన నవ్వి, "మెట్టసేద్యగానికి ఇది నువ్వు చెప్పాల్నా? వాన నమ్మి ఎవుడు విత్తనమేసినాడు?" అన్నారు. మూడు నెలలలో ఆయన నవ్వుట అదే మొదలు.

తరువాత ఊరిలోని వైద్యునివద్దకు పోయి అడుగవలసినవి కాగితముపై వ్రాసికొని అడిగినారు. బరువు ఎత్తవచ్చునా, ఎంతదూరము నడువవచ్చును, రొమ్ము బిగబట్టి చెమటలు పట్టినచో ఏమి చేయవలెను. చివరిదానికి ఒక్క నిమిషమైన ఆగక వాహనమును పిలువవలెనని, అజీర్ణమని సరిపెట్టుకొనరాదని వైద్యుడు రెండుసార్లు చెప్పినాడు. రాత్రులు నిద్రపట్టుట లేదని, మనస్సు దిగులుగా ఉన్నదని కూడ చెప్పుమని నేను పోరినాను. చెప్పుటకు సిగ్గుపడినారు గాని చెప్పినారు. వైద్యుడు దానిని కూడ జబ్బు చీటిలో వ్రాసికొన్నాడు.

భయము పూర్తిగా పోయినదని చెప్పజాలను. అర్ధరాత్రి లేచి రొమ్ముపై చేయి పెట్టుకొని కూర్చుండిన సందర్భములు ఉన్నవని అత్తయ్య చెప్పినది. అత్తయ్య భయము ఇంకొక కథ. ఆమె ఆయనను చెంబు కూడ ఎత్తనిచ్చెడిది కాదు, ఉప్పు లేని పప్పు వేరుగా వండి ఎదుట కూర్చుండి తినిపించెడిది. వైద్యుడు ఆమెను కూడ పిలిచి మాటాడిన తరువాత ఇప్పుడు ఇద్దరికిని ఒకటే కుండ, ఉప్పు ఇద్దరికిని తక్కువే. బీడీ మానినారు. ఆవకాయ మానుటకే ఎక్కువ బాధపడినారు.

మొన్న వెళ్ళినప్పుడు గోడకు ఒక పలక వ్రేలాడుచున్నది. మార్కాపురపు రాతి పలకయే, చెక్క చట్రము గలది. నెలనెల రక్తపుపోటు అంకెలు దానిపై బలపముతో మనుమరాలు వ్రాయుచున్నది. ఆ నెల అంకె వ్రాయుటకు చోటు లేక ఆ పిల్ల పాతవి తుడువబోయినది. మామయ్య పడకకుర్చీలో నుండియే కేక వేసినారు, పాతవి తుడువవద్దని, ఇంకొక పలక తెచ్చెదనని. చెప్పులు తొడుగుకొని అంగడికి తానే నడచిపోయినారు.