కఠినులైన అయ్యవార్లు: మన ప్రాంతపు బడుల చరిత్రలో కొన్ని పుటలు

మదనపల్లె పేరెత్తితే చాలామంది 1919లో రవీంద్రనాథ టాగూరు ఇక్కడి థియొసాఫికల్ కళాశాలలో విడిది చేసి 'జనగణమన' గీతాన్ని ఇంగ్లీషులోకి అనువదించిన సంగతి చెబుతారు. పుంగనూరు అంటే పొట్టి ఆవులు జ్ఞాపకం వస్తాయి. కుప్పం అంటే మూడు భాషలు కలిసే పొలిమేర, మద్రాసు–బెంగుళూరు రైలు. ఈ మూడు ఊళ్లలోనూ ఉపాధ్యాయుడుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న నాకు మాత్రం ముందుగా తలపుకు వచ్చేది అయ్యవార్లే. మా సీమలో గురువును అయ్యవారు అంటాం. పిల్లల నోట అది 'అయివోరు' అవుతుంది.

సంఘపు కూడికల్లోనో పెండ్లి పందిళ్లలోనో పాత విద్యార్థులు నలుగురు కలిస్తే తప్పక వినిపించే మాట ఒకటుంది: "ఆ అయ్యవారు కొట్టబట్టే మేము ఈపాటి మనుషులమయ్యాము." ఈ మాట కృతజ్ఞతతో అన్నదే గాని, అందులో రెండు వేరువేరు సంగతులు కలగాపులగమయ్యాయి. కొట్టడం ఒకటి, కఠినంగా ఉండడం ఇంకొకటి. మన ప్రాంతపు బడుల చరిత్రను కొంచెం తిరగేసి చూస్తే ఈ రెండూ ఎక్కడ కలిశాయో, ఎక్కడ విడిపోయాయో తెలుస్తుంది. శతజయంతి సంచికలో ఆ పని చేయడం అప్రస్తుతం కాదని తలుస్తాను.

1800లో నిజాము ఈ సీమను కుంపినీవారికి అప్పగించినప్పుడు దీనికి దత్తమండలాలని పేరు వచ్చింది. మదనపల్లె తాలూకా అప్పట్లో కడప జిల్లాలోనిది. పుంగనూరు జమీందారీ, కుప్పం చేరిన కంగుంది జమీందారీ ఉత్తరార్కాటు వైపువి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడిన తరువాతనే ఈ మూడూ ఒక్క జిల్లా కిందికి వచ్చాయి. అంతకు చాలా ముందు, 1822లో, మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో తన ఏలుబడిలోని ప్రతి జిల్లాలో బడులెన్ని, పిల్లలెందరు, ఏమి నేర్పుతున్నారు అని కలెక్టర్లను లెక్క అడిగాడు. వచ్చిన జవాబుల్లో అందరికంటే ఓపికగా రాసినది దత్తమండలాల్లోని బళ్లారి జిల్లా కలెక్టరు ఎ. డి. కాంబెల్. తెలుగు వ్యాకరణం రాసి 1816లో అచ్చు వేయించిన పండితుడాయన. 1823 ఆగస్టులో ఆయన పంపిన నివేదిక ప్రకారం ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు ఉన్నారు. వారిలో ఆడపిల్లలు 60 మంది మాత్రమే.

ఈ లెక్కలకంటే నన్ను పట్టి నిలిపినది ఆయన వీధిబడిని వర్ణించిన తీరు. తెల్లవారి ఆరు గంటలకే బడి మొదలు. అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో అయ్యవారు గౌరవంగా సరస్వతి పేరు రాస్తాడు. రెండవవాడి చేతిలో సున్న చుడతాడు. వాడికి మెప్పూ లేదు, తప్పూ లేదు అని అర్థం. మూడవవాడికి చేతిమీద మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవాడికి రెండు, ఇట్లా వచ్చినకొద్దీ దెబ్బలు పెరుగుతాయి. సోమరులకు బెత్తం సరే సరి. రెండు చేతులూ కట్టి దూలానికి వేలాడదీయడం, ఆపకుండా కూర్చుని లేవమనడం కూడా ఉన్నాయి. మొదటిదాన్ని మనవాళ్లు కోదండం అన్నారు, రెండవది గుంజీలు. గుంజీలు బాధాకరమే అయినా ఆరోగ్యానికి మంచివేమో అని కాంబెల్ దొర రాశాడు. గుంజీలు తీసిన పిల్లవాడిని ఎవరూ అడిగినట్టు లేదు!

అరచేతిలో సరస్వతి, నడినెత్తిన దూలం: ఈ రెండూ ఒక్క గదిలోనివే. పిల్లవాడు ఎన్నవవాడుగా వచ్చాడో చూసి గుర్తుపెట్టుకోవాలంటే, అయ్యవారు వాడికంటే ముందే అక్కడ ఉండాలి గదా. తెల్లవారి ఆరింటికి ఏడాది పొడుగునా ముందు వచ్చి కూర్చున్నవాడు అయ్యవారే. కోదండం గురించి చెప్పుకున్నవాళ్లు ఈ సంగతిని చెప్పుకోలేదు.

ఆ నివేదికలో తెగడ్త కూడా ఉంది. పిల్లలు పద్యాలు గడగడా అప్పజెబుతారు గాని అర్థం తెలియదనీ, చాలాచోట్ల అయ్యవారికే తెలియదనీ కాంబెల్ బాధపడ్డాడు. ఈ జబ్బు తరువాతి కాలంలో మన ఆదివారపు బడులకు కూడా కొంత అంటుకున్నదని నా అభిప్రాయం. కంఠత వాక్యం తప్పు లేకుండా చెప్పి, అందులో ఒక్క మాటకు అర్థం అడిగితే పైకప్పు చూసే పిల్లలను మనమందరం ఎరుగుదుము.

అయితే ఒక్క పద్ధతిని మాత్రం ఆయన మనసారా మెచ్చుకున్నాడు. ముందు నేర్చినవాడు వెనుకవాడికి నేర్పుతాడు, ఆ నేర్పడంలో తనది గట్టిపడుతుంది. ఇంగ్లండువారు దీన్ని అనుకరించింది ఊరకనే కాదని రాశాడు. ఆ అనుకరణ కథ మద్రాసులో జరిగింది. ఆండ్రూ బెల్ అనే ఆంగ్లికన్ గురువు 1789లో ఎగ్మూరులోని సైనికుల అనాథ బాలుర ఆశ్రమానికి పర్యవేక్షకుడయ్యాడు. ఒక దేశవాళీ బడిలో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుకోవడం చూసి, తన బడిలోనూ అట్లా నేర్పమంటే అక్కడి ఉపాధ్యాయులు వినలేదు. అప్పుడు జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ల పిల్లవాడికి ఆ పని అప్పగించాడు. పిల్లలే పిల్లలకు నేర్పే ఈ పద్ధతిని 1797లో చిన్న పుస్తకంగా ఇంగ్లండులో అచ్చు వేయించాడు. 'మద్రాసు పద్ధతి' అనే పేరుతో అది ఎన్నో దేశాలకు పాకింది.

బెల్ మన బడి నుంచి ఇసుకనూ, పెద్దపిల్లవాడి పాఠాన్నీ తీసుకున్నాడు గాని, దూలాన్ని తీసుకోలేదు. బెత్తాన్ని దాదాపు మానిపించాడు. దానికి బదులు ఒక నల్ల పుస్తకం పెట్టాడు. ఎవరి తప్పు వారి పేరున అందులో ఎక్కుతుంది. వారానికొకసారి దాన్ని తెరిచి, పిల్లల్లోనుంచే పంచాయతీ కూర్చోబెట్టి విచారిస్తారు. ఆ బడి మెత్తని బడి కాదు. తప్పు ఒక్కటి కూడా లెక్కలోకి రాకుండా పోదు. కఠినత్వానికి బెత్తం అవసరం లేదని ఒక గురువు మన పొరుగునే రెండు వందల ఏళ్లకు పైబడిన కాలంలో చేసి చూపాడన్న మాట.

మన సంఘాల సంగతికి వస్తే, 1853లో స్కడర్ సోదరులు స్థాపించిన ఆర్కాటు మిషను మొదట్లో ఇంగ్లీషు బడులు పెట్టడానికి ఇష్టపడలేదు. సువార్త దేశభాషలో చెప్పాలన్నదే వారి పట్టుదల. కనుక వచ్చిన ప్రతి దొరా ముందు మునిషీ ఎదుట కూర్చుని విద్యార్థి కావలసిందే. జేకబ్ చేంబర్లీన్ దొరగారు పలమనేరులో ఉండి తెలుగు నేర్చుకుని 1863లో మదనపల్లెకు వచ్చారు. 1873 నుంచి ఇరవై ఏళ్లకు పైగా తెలుగు బైబిలు సవరణ సంఘానికి అధ్యక్షులుగా ఉన్నారు. ఒక్కొక్క మాట దగ్గర ఆగి, ఇది తెలుగేనా అని ఇరవై ఏళ్లు అడగడమంటే ఏమిటో, పిల్లల నోట్లు దిద్దినవారికి కొంచెం అర్థమవుతుంది. ఆయన 1908లో మదనపల్లెలోనే కన్నుమూశారు.

అదే మిషనుకు చెందిన వేలూరులో డాక్టర్ ఐడా స్కడర్ అమ్మగారు 1918లో ఆడపిల్లల కోసం వైద్య పాఠశాల తెరిచారు. వసతులు కొద్ది. శరీర నిర్మాణ శాస్త్రం తానే చెప్పేవారు. ప్రభుత్వ పరీక్షలో మగవాళ్లే తప్పుతున్నారు, మీ పిల్లలమీద ఆశలు పెట్టుకోవద్దని పై అధికారి ముందుగానే హెచ్చరించాడు. మొదటి ఏడాది పరీక్షకు వెళ్లిన పద్నాలుగు మంది పిల్లలూ నెగ్గారు. మగపిల్లల పాఠశాలల నుంచి వెళ్లినవారిలో ఎక్కువమంది తప్పారు. ఏమాత్రం సడలిన తరగతికి ఇటువంటి ఫలితం రాదు. అక్కడ ఎముక పేరు తప్పు చెబితే నష్టపోయేది చెప్పిన పిల్ల కాదు, రేపు ఆమె చేతిలో పడబోయే రోగి. మదనపల్లెలో 1911 నుంచి మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి ఎదుట బండ్లు కట్టుకుని వచ్చి నిలిచిన పల్లె ఆడవాళ్లకు, డాక్టరమ్మ తన చదువును ఎంత గట్టిగా చదివిందన్నది ప్రాణంతో సమానమైన విషయం.

రెండవ పక్షాన్ని దాటవేస్తే ఈ వ్యాసం పొగడ్త అవుతుంది. 1895లో మదనపల్లెలోనే జిడ్డు కృష్ణమూర్తి పుట్టాడు. తండ్రి రెవిన్యూ ఉద్యోగి. చిన్ననాట మలేరియా జ్వరాలతో చదువు కుంటుపడింది. 1909లో కుటుంబం అడయారు చేరిన తరువాత మైలాపూరులో ఒక బడిలో వేశారు. పాఠం రాలేదని అయ్యవారు దాదాపు ప్రతిదినమూ కొట్టేవాడు, తరగతి బయటికి పంపేవాడు. బయటికి పంపిన సంగతి అయ్యవారే మరచిపోతే, ఆ పిల్లవాడు సాయంత్రం దాకా అక్కడే నిలబడి, తమ్ముడు వచ్చి చేయిపట్టుకుంటే ఇంటికి పోయేవాడట. మందబుద్ధి అని పేరు పెట్టారు. తరువాత లోకమంతా ఆయన మాట వినడానికి కూర్చున్నది.

ఆ అయ్యవారిని కఠినుడు అనవచ్చునా? నేననను. బయట నిలబెట్టిన పిల్లవాడిని మరచిపోయేవాడికి కఠినుడన్న పేరు చెల్లదు. అది అశ్రద్ధ. బెత్తం చేతిలో ఉండడం వల్ల అది అశ్రద్ధగా కనబడలేదు, అంతే.

కృష్ణమూర్తిగారు పెద్దయ్యాక, మదనపల్లెకు దగ్గరలోనే తెట్టు గ్రామం పక్క లోయలో, ఆయన ఆశయాలతో ఋషివేలి పాఠశాల వెలిసింది. భయం, పోటీ, బహుమానం, దండన లేని చదువు అక్కడి లక్ష్యం. మా ఉపాధ్యాయ వర్గంలో చాలామంది దాన్ని కలిగినవారి బిడ్డల ముద్దుబడి అనుకునేవారు. కాని అక్కడ వేళ తప్పదు. సాయంకాలం పిల్లలందరూ కొండమీద మాటలేకుండా కూర్చుని పొద్దుగుంకడం చూస్తారు. నూరుమంది పిల్లలను మాట్లాడకుండా కూర్చోబెట్టడం ఎంత పనో బడిపంతులుకు తెలుసు.

అంతకంటే ముఖ్యమైనది, 1980ల నుంచి ఋషివేలివారు చుట్టుపట్ల పల్లెల్లో నడిపిన చిన్న బడులు. ఒక్క గది, ఒక్క అయ్యవారు, అన్ని తరగతుల పిల్లలూ కలిసి. పాఠాన్ని చిన్న చిన్న అట్టల మీద మెట్లుగా విడగొట్టారు. ఒక మెట్టు పూర్తిగా వచ్చిందాకా పిల్లవాడు పై మెట్టు ఎక్కడు. వచ్చినవాడు రానివాడి పక్కన కూర్చుని చెబుతాడు. కర్ణాటకలోని 'నలి కలి', తమిళనాడు ప్రభుత్వ బడుల్లో వచ్చిన కొత్త పద్ధతి దీన్ని చూసి ఎదిగినవే. ఈ అట్టలను మొదటిసారి చూసినప్పుడు నాకు కాంబెల్ దొర మెచ్చుకున్న వీధిబడి కనబడింది. ఇసుక పోయి అట్ట వచ్చింది, దూలం మాత్రం లేదు. రానిదాన్ని వచ్చిందని ఒప్పుకోని మొండితనం అట్లాగే ఉంది.

2010 ఏప్రిల్ నుంచి అమలైన విద్యాహక్కు చట్టం, తన 17వ సెక్షనులో, పిల్లలను కొట్టడాన్నీ మనసు నొప్పించడాన్నీ నిషేధించింది. న్యాయమే. అయితే కొన్ని బడుల్లో బెత్తంతోపాటు ఎర్రసిరా కూడా మూలపడింది. కొట్టకూడదన్నారు గనుక దిద్దనక్కరలేదని అర్థం తీసినవాళ్లున్నారు. ఆరవ తరగతికి వచ్చి తన పేరులో ఒత్తు పెట్టలేని పిల్లవాడిని ఎవరూ కొట్టలేదు, నిజమే. ఎవరూ ఆపలేదు కూడా.

కుప్పంలో నాతో పనిచేసిన తెలుగు అయ్యవారొకరిని ఇక్కడ చెప్పాలి. అక్కడ ఒక తరగతిలో తెలుగు, తమిళం, కన్నడం ఇంటిభాషలుగా ఉన్న పిల్లలు కలిసి కూర్చుంటారు. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని ఆ ఊళ్లోనే పెట్టడం ఊరకనే కాదు. తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం, త, ద లకు ఒకటే. కనుక ఆ ఇండ్ల పిల్లలు గాలిని 'కాలి' అనీ, బండిని 'పండి' అనీ, దీపాన్ని 'తీపం' అనీ రాసేవారు. పోనిద్దురూ, అర్థమైంది గదా అని మాలో చాలామందిమి వదిలేసేవారం. ఆయన వదలడు. గొంతుమీద వేలు పెట్టించి 'క' అనమనేవాడు, 'గ' అనమనేవాడు, అదురు తెలుస్తున్నదా అని అడిగేవాడు. తప్పిన మాట మరునాడు మళ్లీ వస్తుంది, వారం తరువాత మళ్లీ వస్తుంది. నలభై నోట్లు సాయంత్రం మోసుకుపోయి ఉదయానికి దిద్ది తెచ్చేవాడు. చేయి ఎత్తగా నేను చూడలేదు. బెత్తమున్న మాకంటే ఆయనకే పిల్లలు ఎక్కువ జంకేవారు. పొద్దున్నే నల్లబల్ల మూలన తాను వచ్చిన వేళ రాసేవాడు. రైలు ఆలస్యమైన రోజున కూడా 9-20 అనే రాశాడు, సాకు రాయలేదు.

ఇటువంటి శతజయంతి సంచికల్లో బిషప్పుల వరుస, పాస్టర్ల వరుస, కట్టిన దేవాలయాల వరుస ఉంటాయి. పల్లెబడుల్లో పనిచేసిన ఉపదేశుల, పంతుళ్ల, టీచరమ్మల వరుస ఉండదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో వారి చేతికింద అక్షరం దిద్దుకున్నవాళ్లలో ఎనభై దాటినవారు కొందరు ఇంకా ఉన్నారు. ఏ ఊళ్లో ఏ అయ్యవారు ఎన్నేళ్లు చెప్పారో, ఏమి వదలకుండా నేర్పారో ఆ ముసలివారిని అడిగి రాసుకోవలసినదని సంఘ కార్యదర్శులకు నా మనవి. కొట్టిన సంగతి చెబితే అదీ రాయండి.