చెకుముకిరాయి కాచిన పచ్చిక

అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో ఫ్లింట్ హిల్స్ పచ్చిక నేటికీ మిగిలి ఉందంటే అది రాళ్ల చలవే. సున్నపురాయి పొరల్లో చెకుముకిరాయి బిగుసుకుని ఉండడంతో అక్కడ నాగలి దిగలేదు. 1837లో జాన్ డీర్ ఉక్కు నాగలి చేశాక పరిసర గడ్డినేలలు క్రమంగా మొక్కజొన్న, గోధుమ చేలయ్యాయి. ఈ గుట్టలు మాత్రం పశువులకు దక్కాయి.

ఇక్కడి గడ్డిలో పెద్దది బిగ్ బ్లూస్టెమ్. ఎండల్లో ఏపుగా పెరిగి రెండు మీటర్లు దాటుతుంది. మన జొన్న, చెరకు, వట్టివేరు, నిమ్మగడ్డి దీని దాయాదులే. పూర్వం దీన్ని బైసన్ మందలు మేసేవి. కాన్సా, ఓసేజ్ తెగలవారు ఎండుగడ్డికి నిప్పు పెడితే ఆ మందలు కొత్త చిగురు వెతుక్కుంటూ వచ్చేవి.

ఆ తర్వాత టెక్సాస్ పశువుల కాలం. 1880ల తర్వాత ఏటా వసంతంలో బక్కచిక్కిన కోడెలు రైళ్లలో వచ్చి దిగేవి. వేసవి అంతా మేసి, కండపట్టి, కాన్సాస్ సిటీ సంతకు తరలేవి. పచ్చిక యజమానులు తలకింత చొప్పున పుల్లరి తీసుకునేవారు. కాల్చిన బీడులో కోడెలు బాగా ఒళ్లు చేస్తాయని టెక్సాస్ ఆసాములకు తెలుసు. అందుకే కౌలుకు ముందే గడ్డి తగలబెట్టాలని పట్టుబట్టేవారు. వసంతం చివర్లో కాల్చిన బీడులో పశువు బరువు సుమారు పదో వంతు ఎక్కువ పెరుగుతుందని తర్వాత కాన్సాస్ వ్యవసాయ పరిశోధకులు తేల్చారు.

మే, జూన్ నెలల్లో లేత ఆకులో మాంసకృత్తులు 12 శాతం దాకా ఉంటాయి. వెన్ను తీశాక కాండం ముదిరి అవి తగ్గుతాయి, చలికాలానికి 3, 4 శాతానికి దిగుతాయి. పొట్టలోని సూక్ష్మజీవులకు కనీసం 7 శాతం కావాలి. అంతకన్నా తగ్గితే అరుగుదల మందగిస్తుంది, ఎదుట ఎంత గడ్డి ఉన్నా పశువు తక్కువే మేస్తుంది. అందుకే జూలై మధ్య వరకు రెట్టింపు పశువులను మేపి, ఆపై బీడుకు విశ్రాంతినిచ్చే పద్ధతి వచ్చింది. ఆ విరామంలో గడ్డి వేళ్లలో శక్తి నింపుకుంటుంది.

కాన్సాస్‌కు తూర్పున చాలాచోట్ల ఈ ఓపిక లేకపోయింది. 1943లో విడుదలైన కెంటకీ-31 ఫెస్క్యూ అనే చలికాలపు గడ్డిని అక్కడ లక్షల ఎకరాల్లో చల్లారు. దానిలో దాగిన శిలీంధ్రం వేసవిలో పశువుల ఒంటివేడి పెంచి ఎదుగుదల తగ్గిస్తోందని 1970ల్లో గానీ తెలియలేదు. నాటు గడ్డిని పీకి విషాన్ని నాటుకున్నట్టయింది.

ఉత్తర అమెరికా పొడుగుగడ్డి మైదానంలో నేడు మిగిలింది 4 శాతం లోపే. అందులో సింహభాగం ఫ్లింట్ హిల్స్‌దే. రాళ్లు నాగలిని ఆపడంతో పాటు పశువులకు మేతగానూ లెక్కకొచ్చింది కనుకనే అక్కడ ఆ గడ్డి బతికింది.