చరిత్రకు పాట వాకిలి

మనుమసిద్ధి యెవరని మన బాలురనడిగినచో పెక్కుమంది మౌనము వహింతురు. కాటమరాజెవరని యడిగినచో చివరి బల్లమీది గొల్లపిల్లవాడు లేచి కథ యంతయు చెప్పును. పెన్నాతీరపు పాఠశాలలలో మేమీ వింతను పలుమారులు చూచితిమి. తప్పు బాలురది కాదు, బోధించు మనదే.

ఈ రెండు పేర్లును ఒక్క కాలమునకు, ఒక్క కలహమునకు చేరినవి. పదుమూడవ శతాబ్దమున వానలు లేక కాటమరాజు ఆలమందలతో నెల్లూరి సీమకు వచ్చెననియు, కోడెదూడలను పుల్లరిగా నిచ్చుటకొడంబడి బీళ్లలో మేపుకొనెననియు పాట చెప్పును. పిమ్మట మాట చెడెను; పుల్లరి నిలిచెను; పాలేటి యొడ్డున పోరు సాగెను. నెల్లూరి పక్షమున పోరాడి పడిన ఖడ్గతిక్కన మన తిక్కన సోమయాజికి దాయాది. అతని శౌర్యమును చాటుపద్యములు నిలిపినవి. గొల్లల గోడును పాట నిలిపినది.

శాసనములు చాలవా యని కొందరందురు. బటర్‌వర్తు, వేణుగోపాలుసెట్టిగార్లు 1905లో మూడు సంపుటములుగా ప్రకటించిన నెల్లూరుజిల్లా శాసనములు మనకు పెన్నిధియే. అయినను శిలలు విశేషముగా దాతను, దానమును, తిథిని పేర్కొనును. కరవులో మంద తోలుకొని వచ్చినవాని మనోవ్యథకు వానిలో చోటు తక్కువ.

పాటలో దోషములు లేవనము. అది రాజును నల్లసిద్ధి యనును. దేవతల మహిమలను కలుపును. కావున దానిని సాక్షిగా పిలువవలెనేగాని న్యాయాధిపతిగా కూర్చుండబెట్టరాదు. కులగర్వమునకు దానిని వాడుకొనుట మరియు హాని. మేత, నీరు, పన్ను అను మూడింటికై మానవులెట్లు తెగిపోరాడిరో తెలిసికొనుటయే దాని ఫలము.

ఈ కథను కొమ్మూది పాడుచు తరతరములుగా కాపాడినవారు కొమ్మువారు. అంటరానివారని మనము బడి గడప త్రొక్కనీయని వర్గములవారే మన చరిత్రను కంఠమున మోసిరి! తంగిరాల వెంకటసుబ్బారావుగారు ఈ కథలను సేకరించి పరిష్కరింపగా 1970వ దశకమున సాహిత్య అకాడమి ప్రకటించినది. పుస్తకము వచ్చినంతమాత్రమున మన ఋణము తీరలేదు.

ఏటికొక్కనాడైనను బడికి గాయకుని పిలిచి, సముచితముగా సత్కరించి, పాడింపుడు. మరునాడు శాసనపాఠమును ముందుంచి, రెండును కలియునదెక్కడ, విడిపోవునదెక్కడ యని పిల్లలనడుగుడు. చివరి బల్లవాడు ముందునకు వచ్చును. ముందు బల్లవాడు వినుట నేర్చును.