పంటి వేరు ఉంటేనే దవడకు బలం



మన చందనవెల్లి, చేవెళ్ళ, మొయినాబాద్ పల్లెల్లో మా చిన్నతనంలో పొద్దున్నే వేపపుల్ల నమలడం అలవాటు. పన్ను కదిలితే పీకించుకోవడమే వైద్యం. అన్నీ పోయాక కట్టుడు పళ్ళు. మొదట్లో బిగువుగా కూర్చున్న సెట్టు కొన్నేళ్ళకు వదులైతే, చేసినవారిని తప్పుపట్టేవాళ్ళం. నిజానికి అరిగేది దవడ. ఈ సంగతి తేలడానికి చాలా కాలం పట్టింది.

1910లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో లండన్ వైద్యుడు విలియం హంటర్ ఒక ఉపన్యాసం ఇచ్చారు. నోటిలోని చీము ఒళ్ళంతా చెరుపుతుందని ఆయన వాదం. ఆ తరువాత కొన్ని దశాబ్దాలు పాశ్చాత్య దేశాల్లో కీళ్ళనొప్పులకు కూడా పళ్ళు పీకివేశారు.

పంటి చుట్టూ ఉండే ఎముక పంటి కోసమే ఏర్పడుతుంది. నమిలే ఒత్తిడి వేరు ద్వారా దానికి అందుతుంది. వేరు పోతే, చెట్టు కొట్టేసిన పొలంగట్టు వానకు కరిగినట్టు, ఆ ఎముక తరుగుతుంది. టాల్‌గ్రెన్ అనే పరిశోధకురాలు 25 ఏళ్ళ పరిశీలన ఫలితాలను 1972లో ప్రకటించారు. పై దవడకన్నా క్రింది దవడ సుమారు నాలుగు రెట్లు అరుగుతుందని తేలింది. క్రమ్, రూనీ అనేవారు 1978లో మరో లెక్క చెప్పారు. క్రింది కోరపళ్ళ వేళ్ళు ఉంచి, వాటిమీద సెట్టు అమర్చినవారికి అయిదేళ్ళలో ముందుభాగపు ఎముక 0.6 మిల్లీమీటర్లు తగ్గింది. అన్నీ పీకించుకున్నవారికి 5.2 మిల్లీమీటర్లు తగ్గింది.

మరి వేళ్ళే లేనివారి మాటేమిటి? స్వీడన్ శాస్త్రవేత్త బ్రోనెమార్క్ 1952లో కుందేలు ఎముకలో అమర్చిన టైటానియం పరికరం ఎముకతో కలిసిపోయి ఊడిరాలేదు. 1965లో ఆయన తొలి రోగికి టైటానియం వేళ్ళు అమర్చారు. అవే నేటి ఇంప్లాంట్లు. 2002లో అదే మెక్‌గిల్‌లో సమావేశమైన నిపుణులు, క్రింది పళ్ళన్నీ పోయినవారికి రెండు ఇంప్లాంట్ల ఆధారంతో సెట్టు అమర్చడమే మొదటి మార్గం కావాలన్నారు. 2010లో జర్మనీకి చెందిన హుర్జెలర్ బృందం, వేరులో పెదవి వైపు పలుచని ముక్కను అలాగే ఉంచి, దాని వెనుక ఇంప్లాంట్ అమర్చే పద్ధతిని ప్రకటించింది. అక్కడి ఎముకను కాపాడడమే దాని ఉద్దేశం. అయితే అది అందరికీ సరిపడదు.

ఇంప్లాంట్ ఖర్చుతో కూడిన పని. అది బిగించడానికీ తగినంత ఎముక మిగిలి ఉండాలి. కనుక మిగిలిన పళ్ళన్నీ ఒకేసారి పీకించుకునే ముందు, "గట్టి వేళ్ళు ఒకటి రెండు ఉంచవచ్చునా?" అని డాక్టరుగారిని తప్పక అడగండి. చీము పట్టినవీ, బాగా కదిలేవీ మాత్రం తీయించుకోవలసి రావచ్చు. షుగరు ఉన్నా, ఎముకల బలానికి మందులు వాడుతున్నా దాచకుండా చెప్పండి.