వసుధేంద్ర

వసుధేంద్ర (జ. 1969): సమకాలిక కన్నడ కథకుడు, నవలాకారుడు, ప్రచురణకర్త. ఇనుపరాతి గుట్టల నడుమ, 1949 వరకు ఘోర్పడే వంశీయుల సంస్థానమై యుండిన సండూరున జన్మించెను. సురత్కల్లున ఇంజనీరింగు చదివి, చాలకాలము సాఫ్ట్‌వేరు కొలువున నుండి, పిదప దానిని విడిచి రచనకే అంకితుడయ్యెను. ‘ఛంద పుస్తక’ యను సంస్థను నెలకొల్పి క్రొత్త కథకుల తొలి సంపుటములను వెలువరించుట ఆయన కృషిలో మిక్కిలి విలువైన భాగము.

తల్లిని గూర్చిన వ్యాసములతో ‘నమ్మమ్మ అంద్రె నంగిష్ట’ పాఠకుల మనసు చూరగొన్నది. అయినను, పురుషుని ప్రేమించు పురుషుని అంతరంగమును దాపరికము లేక చిత్రించిన ‘మోహనస్వామి’ (2013) కథలే ఆయన ధైర్యమునకు నిజమైన గీటురాయి: ఏండ్ల తరబడి ఒక గదిలో కాపురమున్న సహచరుడు ఒక కన్యను పెండ్లాడ సిద్ధపడగా, ఎవరికిని చెప్పుకొనజాలని దుఃఖముతో కథానాయకుడు మోహనస్వామి మిగిలిపోవు ఘట్టము చదువరిని కలచివేయును. తన స్వభావమును అట్టిదేయని రచయిత లోకమున కెరిగించెను.

‘తేజో-తుంగభద్ర’ (2019) నవల పదునైదు, పదునారవ శతాబ్దముల నాటిది. లిస్బను నగరము చెంత పారు తేజో నదీతీరమున మొదలై, సముద్రములు దాటి, గోవా మీదుగా విజయనగరపు తుంగభద్రా తీరమును చేరు ఈ మహాకథనము, రాజుల విజయములకన్న మతక్రౌర్యమునకు బలియైన సామాన్యుల బ్రతుకులనే ప్రధానముగ గైకొన్నది. ఇది తెలుగులోనికిని అనువదింపబడినది.