గాజు దారంలో వెలుగు - లెక్క కట్టినవారి చరిత్ర

మన పింఛను బ్యాంకులో జమ పడాలన్నా, 2014 నవంబరులో మొదలైన జీవన్ ప్రమాణ్ పద్ధతిలో మనం బతికే ఉన్నామని వేలిముద్రతో చెప్పుకోవాలన్నా, ఆ కబురు ప్రయాణించే దారిలో ఎక్కువ భాగం గాజు తీగలే. పైతొడుగుతో కలిపి వీటి మందం 125 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. ఆప్టికల్ ఫైబర్ అంటే ఇదే. ఈ గాజును కరిగించి తీగగా లాగినవారిని లోకం తలుచుకుంటుంది. లెక్క కట్టినవారిని తలుచుకోవడం తక్కువ. లెక్కల మధ్యే సర్వీసు గడిపిన మన సభ్యులకు వారి సంగతి తెలియజేయడం సముచితమని భావించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నీటి ధార వంగితే దానితో పాటు వెలుగు కూడా వంగి పోతుందని 1841లో జెనీవాలో కొల్లడాన్, 1854లో లండన్‌లో టిండాల్ ప్రదర్శించి చూపారు. పంజాబులోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ, తన ఆచార్యుడు హాప్కిన్స్‌తో కలిసి 1954లో గాజు తీగల కట్ట ద్వారా బొమ్మను పంపిన వివరాలు ప్రకటించారు. అంతవరకు వెలుగు తిన్నని గీతలా పోయి గోడలకు తగిలి మళ్లుతుందనుకుంటే సరిపోయింది. తీగ మరీ సన్నబడితే ఆ ఊహ చాలదు. అక్కడ వెలుగును అలగానే లెక్కించాలి.

వీణ తీగ తన ఇష్టం వచ్చినట్లు కంపించదు, కొన్ని తీరుల్లోనే కంపిస్తుంది. గాజు తీగలో వెలుగు కూడా అంతే, కొన్ని తీరుల్లోనే నిలబడి సాగుతుంది. ఆ తీరునే 'మోడ్' అంటారు. ఇలాంటి కడ్డీలో విద్యుదయస్కాంత అలల నడకను 1910లోనే హోండ్రోస్, డిబై అనే శాస్త్రజ్ఞులు సమీకరణాలుగా రాశారు. 1961లో అమెరికాలో ఎలియాస్ స్నిట్జర్ వాటిని గాజు తీగకు అన్వయించి మోడ్లను వివరించాడు. ఈ సమీకరణానికి జవాబు నేరుగా రాదు. ఒక అంకె ఊహించి రెండు వైపులా వేసి చూడాలి. టాలీ కాకపోతే అంకె కాస్త మార్చి మళ్లీ వేయాలి. ట్రయల్ బ్యాలెన్స్ కుదరక రాత్రి పొద్దుపోయేదాకా కూర్చున్నవారికి ఈ పని గురించి వేరే చెప్పనక్కరలేదు.

1966లో ఇంగ్లండులోని హార్లోలో చార్లెస్ కావో, జార్జి హాక్‌హామ్ ఒక పత్రం ప్రకటించారు. గాజులో నష్టాన్ని కిలోమీటరుకు 20 డెసిబెల్‌కు తగ్గించగలిగితే, అంటే నూటికి ఒక వంతు వెలుగు మిగిలితే, టెలిఫోను మాటలు దీనిపై పంపవచ్చునన్నారు. గాజు పదార్థం సంగతి కావో చూడగా, అలల లెక్క హాక్‌హామ్ చూశాడు. 1970లో అమెరికాలోని కార్నింగ్ సంస్థలో మారర్, కెక్, షుల్ట్జ్ ఆ హద్దును దాటి 17 డెసిబెల్ సాధించారు.

1971లో బెల్ ప్రయోగశాలకు చెందిన గ్లోగే ఈ చిక్కు లెక్కను బాగా సులువు చేశాడు. నడిమి గాజుకు, పైతొడుగుకు తేడా స్వల్పమే కనుక కొన్ని పదాలను వదిలేయవచ్చునని చూపాడు. ఇందులో కీలకమైనది 'వి' సంఖ్య. అది 2.405 కంటే తక్కువైతే తీగలో ఒకే మోడ్ సాగుతుంది. అంతకు మించితే పలు మోడ్లు వేర్వేరు వేళల్లో గమ్యం చేరి కబురు అలికినట్లవుతుంది.

మీరూ కట్టి చూడండి. నడిమి గాజు వ్యాసం 8.2 మైక్రాన్లు. దాన్ని 3.1416తోను, వెలుగును పట్టే సామర్థ్యమైన 0.12తోను గుణించి, వెలుగు తరంగదైర్ఘ్యం 1.55 మైక్రాన్లతో భాగిస్తే 1.99 వస్తుంది. కనుక ఒకే మోడ్. అదే తీగలో 0.85 మైక్రాన్ల వెలుగు పంపితే 3.64 వస్తుంది. కనుక ఒకటికి మించిన మోడ్లు.

1977లో మార్క్యూజ్ ఇచ్చిన సూత్రం ప్రకారం 1.55 దగ్గర ఆ మోడ్ వెడల్పు సుమారు 10.4 మైక్రాన్లు. అంటే కొంత వెలుగు పైతొడుగులోనూ నడుస్తోందన్న మాట. దారి పక్క గోతిలో కూర్చుని తీగలు అతికే పనివాడికి ఈ అంకె ముఖ్యం. అతుకు ఒక్క మైక్రాను పక్కకు జరిగితే 0.16 డెసిబెల్ నష్టం. నేటి తీగలో కిలోమీటరుకు నష్టమే సుమారు 0.2.

తరువాత కంప్యూటర్లు వచ్చాయి. 1978లో ఫీట్, ఫ్లెక్ అనేవారు వెలుగును అడుగడుగునా నడిపించి లెక్కించే పద్ధతి చూపారు. 1996లో ఇంగ్లండులో పొడుగునా సన్నని రంధ్రాలున్న తీగ తయారైంది. దీనికి పాత సూత్రాలు చాలవు. 2001లో ఎమ్ఐటీ వారు ప్రకటించిన పద్ధతితో నడిచే ఎమ్‌పీబీ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. మన ఢిల్లీ ఐఐటీలో అజయ్ ఘటక్, గోయల్, వర్ష్నే విద్యార్థుల కోసం పుస్తకంతో పాటు 'ఫైబర్ ఆప్టికా' అనే సాఫ్ట్‌వేర్ రూపొందించారు.

2009లో కావోకు నోబెల్ బహుమతిలో సగభాగం లభించింది. అలల లెక్క కట్టిన హాక్‌హామ్‌కు రాలేదు. ఆయన 2013లోను, కావో 2018లోను కాలం చేశారు. ఎవరి అర్హతనూ తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఫైలు మీద సంతకం ఒకరిది, లోపలి లెక్క మరొకరిది కావడం మనకు కొత్త కాదు. ఆ లెక్క తప్పితే సంతకం నిలవదన్నదీ మనకు తెలుసు.

ఇంట్లో ఇంజనీరింగు చదివే మనవలు కంప్యూటరు ఇచ్చిన జవాబు చూపిస్తే, ఒకసారి 'వి' సంఖ్యను కాగితం మీద కట్టి సరిచూడమని చెప్పండి. పట్టేది రెండు నిమిషాలే.