అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఫాంటమ్

ఖైరతాబాద్ నుంచి లక్డీకాపూల్, నాంపల్లి మీదుగా వస్తే అబిడ్స్. ఆరో నిజాం కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిడ్ దుకాణం వల్ల ఆ చోటికి ఆ పేరొచ్చింది. ఆదివారం షాపులన్నీ షట్టర్లు దించుకుంటాయి కనుక వాటి ముందు జాగా ఆ రోజుకి పాత పుస్తకాలవాళ్లది. పరిచిన పట్టాల మీద పోటీ పరీక్షల గైడ్లు, నవలలు, వాటి పక్కన అట్టలు నలిగిన కామిక్స్ కుప్పలు. సూపర్‌హీరోల్లో హైదరాబాదు పాఠకుడు ఎవరికి దగ్గరయ్యాడన్నది చాలావరకు ఈ కుప్పలే తేల్చాయని నా వాదన.

పాత పుస్తకాల బేరంలో ఈ వారం ఏం దొరుకుతుందో కొనేవాడికే కాదు, అమ్మేవాడికీ తెలియదు. ఒక నంబరు దొరికితే దాని తరువాతది దొరకదు. 1962లో పుట్టిన స్పైడర్‌మ్యాన్ వంటి మార్వెల్ వీరుల కథలు నెలనెలా ఒకదాన్నొకటి పట్టుకుని నడుస్తాయి. విడి సంచిక చేతికొస్తే ఆ పగ ఎక్కడ మొదలైందో అర్థం కాదు, ఆఖరి పేజీలో ఆపద తీరదు. లీ ఫాక్ 1936లో సృష్టించిన ఫాంటమ్‌తో ఆ బాధ లేదు. అమెరికా దినపత్రికల్లో రోజుకు కొంచెంగా వచ్చిన అతని కథను, టైమ్స్ ఆఫ్ ఇండియా సంస్థ 1964 మార్చిలో మొదలుపెట్టిన ఇంద్రజాల్ కామిక్స్ చాలాసార్లు ఒకే పుస్తకంలో ముగించి ఇచ్చేది. పుర్రె గుహ, పుర్రె మీద చేసిన ప్రమాణం, తండ్రి పోతే కొడుకు తొడుక్కునే ముసుగు: ఇవన్నీ మళ్లీ మళ్లీ చెబుతారు కాబట్టి ఎక్కడ అందుకున్నా దారి తెలుస్తుంది. బెంగాల్‌ను తలపించే దేశం పేరును డెంకాలీ అనీ, సముద్రపు దొంగల ముఠా పేరు సింగ్‌ను సింగా అనీ మార్చి, మనవాళ్లకు ఎబ్బెట్టు లేకుండా చేశారు. అతీత శక్తులు లేనివాణ్ణి సూపర్‌హీరో అనొచ్చా అంటే, ముసుగూ ఒంటికి అంటుకున్న దుస్తులూ సూపర్‌మ్యాన్ రాకకు రెండేళ్ల ముందే వేసుకున్నవాడు. అతన్ని బయట నిలబెట్టడం న్యాయం కాదు.

ఇందులో ఫుట్‌పాత్ గొప్పేముంది, ప్రచురణకర్త ఎంపికే కదా అనవచ్చు. కొంత నిజమే. ఇంద్రజాల్ మొదటి 32 సంచికలూ ఫాంటమ్ కథలే, మాంత్రికుడు మాండ్రేక్ తరువాత వచ్చాడు. కానీ ప్రచురణకర్త పని కొత్త పుస్తకం అమ్మడంతో సరి. 1990లో ఇంద్రజాల్ ఆగిపోయింది, ఆ తరువాతా ఆ పుస్తకాలను చేతులు మార్పించింది పాత పుస్తకాలవాళ్లే.

దీనికన్నా గట్టి అభ్యంతరం మరొకటుంది. ఒక్క పుస్తకంలో ముగిసే కథే కావాలనుకునేవాళ్లయితే, తెలుగు పిల్లలు చందమామ సీరియళ్ల కోసం నెలల తరబడి ఎలా ఎదురుచూశారు? 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో మొదలుపెట్టిన ఆ పత్రికలో 1954లో దాసరి సుబ్రహ్మణ్యం ‘తోకచుక్క’ వచ్చింది. ఆ తరువాత ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’ వంటివి వరసకట్టాయి. మాంత్రికులు, భయంకర మృగాలు, వాటికెదురు నిలిచే యువకులు, వాటన్నిటికీ చిత్రా గీసిన బొమ్మలు. సాహసం కోసం తెలుగు పిల్లలు అమెరికా వైపే చూడాల్సిన అవసరం రాలేదు. ఎదురుచూడగలిగారంటే కారణం, వచ్చే నెల పత్రిక వస్తుందన్న నమ్మకం. విడి కాగితాలు తీసి సీరియల్ మొత్తాన్ని బైండు చేయించుకున్న ఇళ్లు ఎన్నో. అంటే తెలుగువాడికి ఓపిక లేకపోలేదు. ఓపిక పట్టినా ఫలితముంటుందన్న భరోసా స్పైడర్‌మ్యాన్ విషయంలో అబిడ్స్ ఇవ్వలేకపోయింది. తెలుగులో కామిక్స్ లేవనడమూ తప్పే. బుజ్జాయి ‘డుంబు’ను గీశారు. అయితే డుంబు నవ్వించేవాడు, ముసుగువీరుడు కాడు. ఆ ఖాళీని ముసుగులేని చందమామ వీరులు ముందే నింపేశారు.

2013లో కామిక్స్ అభిమానుల జాతర కామిక్ కాన్ హైదరాబాదుకొచ్చింది. మార్వెల్ కథలు ఇప్పుడు మొదటినుంచీ సంపుటాలుగా దొరుకుతాయి, తెగిన కథ అన్న బెంగ తీరింది. పాత ప్రతుల గురించే నా ఆరాటం. మొదటి పేజీల మీద అద్దె పుస్తకాల షాపుల ముద్రలు, పాత ధరలు, ఎవరో పిల్లవాడు వంకరగా రాసుకున్న పేరు, దాన్ని కొట్టేసి రాసిన ఇంకో పేరు కనిపిస్తాయి. ఏ వీరుడు ఎన్ని ఇళ్లు తిరిగాడో చెప్పే దస్తావేజు అదొక్కటే. సేకరించేవాళ్లు బైండింగు అందం కోసం ఆ పేజీని చింపేయకుండా ఉంటే చాలు.